మధురవాణికి మాటలుండేవి

ఇప్పటి సినిమాలో ఆడిపాడే మనిషి తెరమీద ఉండేది నాలుగు నిమిషాలు. గోదాములోనో, సారా దుకాణంలోనో, ఊరవతల రంగుదీపాల సెట్టింగులోనో ప్రత్యక్షమవుతుంది. చుట్టూ వందమంది మగవాళ్లు చేతులూపుతుంటారు. పాట అయిపోగానే మాయం. మళ్లీ కథలోకి రాదు, ఏమైందని ఎవరూ అడగరు. మా మనుమణ్ని అడిగాను, ఆ పాటలో పిల్ల పేరేందిరా అని. తార పేరు చెప్పాడు. తార పేరు కాదురా, కథలో ఆమె పేరు చెప్పు అంటే, "కథలో పేరెందుకు తాతా, అది పాటనే గదా" అన్నాడు. ఇగో, ఈ మాట దగ్గరే నాకు కడుపు మండేది.

మా రోజుల సినిమాల్లో వేశ్య పాత్రకైనా పేరుండేది బిడ్డా. మధురవాణి, దేవదేవి, చింతామణి, చంద్రముఖి, కృష్ణసాని, కలావతి. ఇన్నేండ్లైనా ఒక్క పేరు మరువలేదు. ఆ పేర్లకు ఇండ్లుండేవి, ఆ ఇండ్లలో తల్లులుండేవాళ్లు, లెక్కాపత్రాలుండేవి, సంగీతం ఉండేది. ఆమె తలుపు తీస్తేనే లోపలికి పోవాలి. తీయకపోతే ఎంత జమీందారైనా అరుగు మీద కూర్చోవాలి. మంచిదో చెడ్డదో, ఆమెకు ఒక బుద్ధి ఉండేది, ఆ బుద్ధితో కథ మలుపు తిరిగేది. ఇప్పుడు కథ ఆమెను దాటుకుని పోతోంది. కొంతసేపు ఆగి చూసి పోతోంది, అంతే.

మనుమడా, నువ్వు గద్వాలలో పుట్టి హైదరాబాదులో పెరిగినవాడివి, నడిగడ్డలో సినిమా చూడడమంటే ఏమిటో నీకు తెలియదు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న గడ్డ మనది. పడమటికి పోతే రాయచూరు, తుంగభద్ర దాటితే కర్నూలు. సినిమా విడుదలైన రోజే చూడాలని మేము ఎన్నడూ ఆరాటపడలేదు. బెజవాడ చూసి, హైదరాబాదు చూసి, కర్నూలు చూసి, ప్రింటు మీద ఎడతెగని వాన కురుస్తున్నట్టు గీతలు పడినంక మా దగ్గరకు వచ్చేది. జమ్మిచేడు జమ్ములమ్మ జాతరకో, కురుమూర్తి జాతరకో బండి కట్టుకుని పోతే అక్కడ డేరా టాకీసు. జొన్నరొట్టె, తొక్కు మూటకట్టుకుని, గొంగడి పరుచుకుని నేలమీదనే కూర్చునేవాళ్లం. ఆడవాళ్లొక దిక్కు, మగవాళ్లొక దిక్కు, నడుమ తాడుకు కట్టిన గుడ్డ. మిషను ఒకటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆగేది. ఆ ఆగిన సందులోనే అసలు సినిమా నడిచేది. మధురవాణి చేసింది న్యాయమా అన్యాయమా అని పటేలు ఒక మాట అంటే, గుడ్డకు అవతలినుంచి ఎవరో ముసలవ్వ గట్టిగా జవాబు చెప్పేది. ఇప్పుడు మీకు ఆగడం ఎక్కడుంది? ఒకటి అయిపోకముందే ఇంకొకటి దానంతటదే మొదలైతది. చూసినదాని గురించి మాట్లాడుకునే తీరిక లేకుండా చేసి, దానికి సౌకర్యమని పేరు పెట్టారు.

సరే, మధురవాణి దగ్గరికి వస్తాను. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' నాటకం మొదట ఆడింది 1892లో విజయనగరంలో. మనం ఇప్పుడు చదువుకునే పెద్ద నాటకం 1909లో వచ్చింది. అది సినిమా అయ్యింది 1955లో. తీసినవాళ్లు వినోదా పిక్చర్స్, దర్శకుడు పి. పుల్లయ్య, సంగీతం ఘంటసాల. గిరీశం ఎన్టీ రామారావు, మధురవాణి సావిత్రి. ఒక్కసారి ఆలోచించు, అప్పటికే పేరు తెచ్చుకున్న తార, పెండ్లయిన ఇల్లాలి పాత్ర కాకుండా ఊరందరూ వంకరగా మాట్లాడే పాత్ర వేసింది. వేసి, సినిమా మొత్తాన్నీ చేతిలోకి తీసుకుంది.

అందులో పూటకూళ్లమ్మ చీపురుకట్ట పట్టుకుని గిరీశాన్ని వెతుక్కుంటూ మధురవాణి ఇంటికి వస్తుంది చూడు. గిరీశం మంచం కింద దూరుతాడు. అక్కడ రామప్పపంతులు అప్పటికే దూరి ఉంటాడు. ఇంగ్లీషు చదివిన పెద్దమనిషి ఒకడు, కోర్టు వ్యవహారాల పెద్దమనిషి ఒకడు, ఇద్దరూ మంచం కింద. ఇంటి యజమానురాలు నిలబడి నవ్వుతోంది. డేరాలో ఆ ఘట్టం వచ్చినప్పుడు మా ఊరి పెద్దమనుషులు కొందరు అటూ ఇటూ కదిలి సర్దుకుని కూర్చునేవాళ్లు. నేను చిన్నపిల్లవాణ్ని, ఎందుకో తెలియలేదు. తరువాత తెలిసింది.

ముసలి లుబ్ధావధాన్లకు పసిపిల్లను కట్టబెట్టకుండా ఆపడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి పెండ్లి చేయిస్తాడు. ఆ నాటకం నడవడానికి తన కంటె తీసి ఇచ్చింది ఎవరు? మధురవాణే. ఆ కంటె పోయిందని రామప్పపంతులు ప్రాణం తోడింది కూడా ఆమే. ఆఖరికి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు గారి ముందు కూర్చుని, వేశ్యల ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్న ఆ మంచి మనిషితోనే వాదం పెట్టుకుంది. ఆ వాదంలో ఎవరు గెలిచారో నువ్వే చదువుకో. నాటకంలో ఇంతమంది చదువుకున్నవాళ్లు, శాస్త్రం తెలిసినవాళ్లు, సంస్కర్తలు ఉండగా, ఎవరు ఏమిటో సరిగ్గా తూకం వేయగలిగినది ఆ ఒక్క మనిషి. సినిమాలో శ్రీశ్రీ కవితను సావిత్రి మీద పాటగా పెట్టారు. ఆడే మనిషికి మహాకవి కవిత ఇచ్చారయ్యా! ఇప్పుడు ఆడే మనిషికి ఇచ్చే మాటలు నీ చెల్లెలి ముందు పాడగలవా? పాడి చూపించు.

భానుమతి సంగతి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. 1954లో భరణి వాళ్ల 'విప్రనారాయణ' వచ్చింది. అక్కినేని భక్తుడు, భానుమతి దేవదేవి. శ్రీరంగంలో పూలతోట పెంచుకుంటూ రంగనాథుడికి మాలలు కట్టే వైష్ణవుడు తనను కన్నెత్తి చూడలేదని ఆమెకు పౌరుషం వస్తుంది. పందెం వేస్తుంది, గెలుస్తుంది, గెలిచినంక తానే ఓడిపోతుంది. ఆ మార్పు భానుమతి ముఖంలో ఎంత నిదానంగా జరుగుతుందంటే, ఏ రీలులో ప్రేమ మొదలైందో వేలుపెట్టి చూపించలేవు. పైగా ఆమె పాట ఆమే పాడుకుంటుంది, సాలూరి రాజేశ్వరరావు బాణీలో. ఆ సినిమాకు ఆ ఏడాది జాతీయ గౌరవం వచ్చింది. ఈ కథ మనకు కొత్త కూడా కాదు. సారంగు తమ్మయ్య అని మన గోలకొండ సీమ కరణం, కుతుబ్ షాహీల కాలంలోనే 'వైజయంతీవిలాసం' అని కావ్యం రాశాడు, ఇదే కథ. అంటే సినిమావాళ్లు ఒక్క రాత్రిలో ఊహించి తీసింది కాదు, మూడు నాలుగు వందల ఏండ్లుగా నోట నానిన కథ. ఇప్పుడు కథ ఎన్ని రోజులు నానుతోంది?

1956లో అదే భానుమతి 'తెనాలి రామకృష్ణ'లో కృష్ణసాని. అందులో ఆమె శత్రువుల వేగు. కృష్ణదేవరాయలంతటివాణ్ని రాజ్యం మరిచిపోయేటట్టు చేస్తుంది. అదే ఏడు 'చింతామణి'లో మళ్లీ ఆమే. ఒక్క మనిషి భక్తుణ్ని మార్చినదిగా, రాజును మోసం చేసినదిగా, ఆఖరికి తానే భక్తురాలైనదిగా మూడు తీర్ల వేశ్యగా నటించింది, మూడింటికీ నడక వేరు, చూపు వేరు. ఇప్పుడు ముగ్గురు తారలు మూడు సినిమాల్లో ఆడినా ఒకటే నడుము, ఒకటే కెమెరా.

చింతామణి అంటే మాకు సినిమాకన్నా ముందు నాటకం. కాళ్లకూరి నారాయణరావు గారు మూడు దురాచారాల మీద మూడు నాటకాలు రాశారు. కట్నం మీద 'వరవిక్రయం', తాగుడు మీద 'మధుసేవ', వేశ్యాలోలత్వం మీద 'చింతామణి'. పాలమూరు పల్లెల్లో తెల్లవార్లూ ఆడేవాళ్లు. పద్యం అందుకుంటే హార్మోనియం వాడు చెమటలు కక్కేవాడు, "వన్స్ మోర్" అంటే మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. ఇప్పుడు ఎవరైనా నటుడు పద్యం సగంలో ఉండగా ఆపి మళ్లీ పాడించుకోగలరా మీరు? మైకు లేకుండా వాడి గొంతు వెనక వరసకు వినబడుతుందా?

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చింతామణి పద్యాల కోసం వచ్చేవాళ్లు ముందు వరసలో తక్కువ. సుబ్బిశెట్టి హాస్యం కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ ఈలల కోసం రానురాను పుస్తకంలో లేని మోటు మాటలు కలుపుకుంటూ పోయారు. నారాయణరావు గారు ఇండ్లు గుల్లవుతున్నాయని ఏడ్చి రాసిన నాటకాన్ని నవ్వులపాలు చేసి, ఒక కులం వాళ్ల మనసు నొచ్చేదాకా తెచ్చారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకం ఆడవద్దని నిషేధం పెట్టింది. నొచ్చుకున్నవాళ్లది తప్పని నేను అనలేను, ఆ మాటలు నేనూ విన్నాను. కానీ వందేండ్ల నాటకం మూలపడిందే అని నా బాధ. మాటలు కలిపినవాళ్లు మా తరంవాళ్లే. ఈ చెడుగు మీ ఖాతాలో రాయడానికి వీలులేదు, రాయను.

దేవదాసు అనగానే మీ తరం వాడికి 2002లో వచ్చిన హిందీ సినిమా గుర్తుకొస్తుంది. అద్దాల మేడలు, మణుగుల కొద్దీ లెహంగాలు. అందులో పార్వతీ చంద్రముఖీ కలిసి నాట్యం చేస్తారు. శరత్‌బాబు నవలలో ఆ ఇద్దరూ ఒకరినొకరు కలుసుకోనే కలుసుకోరు! ఒకే మనిషి కోసం ఇద్దరు ఆడవాళ్లు రెండు ఊళ్లలో వేరువేరుగా కాలిపోతారు, కథ బరువంతా అక్కడుంది. వాళ్లను ఒకచోటికి తెచ్చి ఎగిరిస్తే ఇక మిగిలిందేమిటి? మా దేవదాసు 1953లో వచ్చింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వం. కూచిపూడి నుంచి వచ్చిన నాట్యకారుడు కాబట్టి ఆడే మనిషి కాలు ఎక్కడ ఆగాలో ఆయనకు తెలుసు. చంద్రముఖిగా లలిత. దేవదాసు అసహ్యించుకుని లేచిపోతే, ఆ అసహ్యం దగ్గరే ఆమె మనసు మారుతుంది. ఎవరో మొదటిసారి తనను కొనడానికి రాలేదని ఆమెకు తోస్తుంది. నేను ఆ వయసులో అక్కినేని దగ్గు చూసి ఏడ్చాను. పెద్దవాణ్నైనంక చూసినప్పుడు చంద్రముఖిని చూసి ఏడ్చాను.

హిందీ మాకు పరాయి కాదు. నిజాం రాజ్యంలో ఉర్దూ బడిలో చదివిన మా పెద్దలకు హిందీ సినిమా పాటల్లో మాట మాట తెలిసేది. 1955లో బిమల్ రాయ్ తీసిన దేవదాస్‌లో వైజయంతిమాల చంద్రముఖి. ఆమెకు ఫిల్మ్‌ఫేర్ వాళ్లు సహాయనటి బహుమతి ఇస్తే తీసుకోలేదు. పార్వతి ఎంత ముఖ్యమో చంద్రముఖీ అంతే, ఇది సహాయ పాత్ర కాదు అన్నది. చూశావా, ఆ పాత్ర వేసినామెకే ఆ పాత్ర మీద ఎంత గౌరవమో! 1972లో 'పాకీజా' వచ్చింది. కమాల్ అమ్రోహీ ఏండ్ల తరబడి తీసిన సినిమా. విడుదలైన కొన్ని వారాలకే మీనాకుమారి చనిపోయింది. రాయచూరులో ఆ సినిమా చూసి వచ్చిన మా చిన్నాయన ఇంట్లో రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. 1981లో 'ఉమ్రావ్ జాన్'. ఆ రేఖ కూర్చునే తీరులోనే సగం చదువు కనబడుతుంది. లక్నో కథ అని ముచ్చటపడ్డాం గానీ, మన హైదరాబాదులోనే మహ్లఖా బాయి చందా ఉండేది. 1768లో పుట్టింది, ఉర్దూలో దీవాన్ రాసింది, నిజాం దర్బారులో మర్యాద పొందింది, మౌలాలి గుట్ట దగ్గర ఆమె సమాధి ఉంది. మీరు ఆ దారినే రోజూ కాలేజీకి పోయి ఉంటారు, ఎవరిదా సమాధి అని ఒక్కనాడైనా బండి ఆపారా?

మొన్న వేసవిలో మా మనుమరాలు 'హీరామండి' అని వేశ్యల కథనే ఒక సిరీస్ ఫోనులో పెట్టి చూపించింది. నగలు చూడు తాతా అన్నది. చూశాను. నగలు బాగున్నాయి. ఆ నగల బరువుకు ఆ పిల్లల మెడలు తిరగడం లేదు. ఒక్కతె ఖాళీ గదిలో కూర్చుని రాగం సాధన చేస్తుంటే మనకు తెలియాలి కదా, ఈమె బతుకు దీని మీద నిలబడిందని. గజ్జె కట్టకముందు ఎన్నేండ్ల కష్టమో తెలియాలి కదా. వనపర్తి, గద్వాల, కొల్లాపూరు, ఆత్మకూరు సంస్థానాలలో కవికి, పండితుడికి, నాట్యం చేసేవాళ్లకు ఏడాదికొకసారి సభ పెట్టి పరీక్ష చేసి సంభావన ఇచ్చేవాళ్లని మా తాత చెప్పేవాడు. తిరుపతి వెంకట కవులంతటివాళ్లు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసిపోయారు. విద్య లేనిదే సభలో అడుగు పెట్టే వీలుండేది కాదు. ఇప్పుడు ఆ వనపర్తి రాజావారి మహల్లో పాలిటెక్నిక్ నడుస్తోంది. చదువే కదా, మంచిదే. అయినా ఆ మెట్లెక్కినప్పుడల్లా నాకు మనసులో ఏదో గుచ్చుతుంది.

మన నడిగడ్డ మనిషే, ఇటిక్యాలపాడు స్వగ్రామమైన సురవరం ప్రతాపరెడ్డి గారు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచినాయన, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ బహుమతి దానికే. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఎట్లా ఆడారు అని రాశారు. కాకతీయుల ఓరుగల్లును చెప్పడానికి 'క్రీడాభిరామం' తీసుకున్నారు. ఆ క్రీడాభిరామంలో మాచల్దేవి అని ప్రతాపరుద్రుడి కాలపు వేశ్య ఉంది, ఆమె ఇంట్లో చిత్రశాల ఉంది. బొమ్మలు గీయించి పెట్టుకున్న ఇల్లు! అట్లాంటి మనిషిని ఒక్క దర్శకుడైనా, ఆ గోడల మీద బొమ్మల పక్కన నిలబెట్టి, ఆమె చేత నాలుగు మంచి మాటలు చెప్పించరాదా? సెట్టింగు వేయడానికి కోట్లు పెడతారు, ఆమెకు మాట రాయడానికి ఒక రచయితకు పదివేలు పెట్టరు.

నేను ఇట్లా అంటుంటే మా మనుమరాలు ఊరుకోలేదు. హైదరాబాదులో చదువుతోంది, నోరు మా అమ్మ నోరు. "తాతా, మీ మధురవాణి అంత తెలివిగలది గదా, ఆఖరుకు ఆమెకేం ఇచ్చిన్రు? ఒక భగవద్గీత. దేవదేవికి దేవుడు, చింతామణికి దేవుడు, చంద్రముఖికి ఏడుపు. ఒక్కతె అన్నా తన ఇంట్ల తాను సుఖంగ ముసలిదయ్యిందా?" అన్నది. నేను పాకీజా అన్నాను, అందులో సాహిబ్‌జాన్‌కు పెండ్లవుతుంది కదా అని. "ఒక్కటి దొరికింది" అన్నది. 1957లో వచ్చిన 'పాండురంగ మహాత్మ్యం' సంగతి ఆ పిల్లకు చెప్పలేదు. అందులో బి. సరోజాదేవి వేసిన కలావతి పుండరీకుణ్ని నిలువునా దోచుకునే మనిషి, ఇంకేమీ కాదు. అప్పటి సినిమాల్లో వేశ్యమాత అంటే డబ్బుసంచి చప్పుడుకే లేచే గయ్యాళి. కొడుకు చెడిపోతే తప్పు ఆ ఇంటిది, బాగుపడితే పుణ్యం పెండ్లాంది. ఇదీ నిజమే. ఆ పిల్ల అడిగినదానికి జవాబు నా దగ్గర లేదు, ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఇంకొకటి కూడా ఉంది, అది సినిమా మాట కాదు. మేము డేరాలో దేవదేవి కోసం కన్నీళ్లు పెట్టుకున్న రోజుల్లోనే, మక్తల్ దిక్కు, నారాయణపేట దిక్కు పేదింటి ఆడపిల్లలను ఎల్లమ్మ పేరు మీద, పోచమ్మ పేరు మీద జోగినులుగా విడిచిపెట్టేవాళ్లు. ఎక్కువమంది దళితుల పిల్లలు. వాళ్లకు వీణ లేదు, చిత్రశాల లేదు, మంచం కింద దూరే పెద్దమనుషులను చూసి నవ్వే అధికారం లేదు. 1988లో గాని దాని మీద రాష్ట్రంలో చట్టం రాలేదు. మా రోజుల్లో ఆ బతుకు ఏ తెరమీదా చూడలేదు నేను. ఊరి జాతరలో అమ్మవారి ముందు ఆడుతున్న ఆ పిల్లను దాటుకుని వెళ్లి, టికెట్టు కొనుక్కుని, డేరాలో కూర్చుని, మద్రాసులో వేసిన శ్రీరంగం సెట్టింగులో దేవదేవి కష్టానికి ముక్కు చీదుకున్నాం. మా రోజులు బంగారమని రోజుకు పదిసార్లు అంటాను. ఇది తలుచుకున్నప్పుడు ఆ మాట గొంతు దాటదు.

కళలు కూడా అంతే. పదాలు, జావళీలు, అభినయం వేశ్యల ఇండ్లలోనే తరతరాలుగా బతికాయి. ఆ ఇండ్లవాళ్లను ఆడవద్దన్నారు, పాడవద్దన్నారు. తరువాత అదే పదం, అదే జావళి సినిమాలోకి వచ్చింది, సభలోకి వచ్చింది, మంచి ఇండ్ల పిల్లలకు పాఠమయ్యింది. నటరాజ రామకృష్ణ గారు ముసలివాళ్లైన ఆ కళాకారిణులను వెతికి పట్టుకుని, వాళ్ల దగ్గర మిగిలినదాన్ని నేర్చుకుని 'ఆంధ్రనాట్యం' అని నిలబెట్టారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అదీ పోయేది.

ఈ కథలో నేను మీమీద వేసే నేరం ఇంతే. మా సినిమా ఆమెను శిక్షించింది, నిజమే. కానీ శిక్షించేముందు ఆమె చెప్పుకునేది విన్నది. మీ సినిమా శిక్షించదు, వినదు కూడా. ఈ వినకపోవడం ఎప్పుడు మొదలైందని వెనక్కి లెక్కేస్తే, మళ్లీ మా కాలంలోనే తేలుతుంది. డెబ్బైల్లో కథతో పనిలేని క్లబ్బు డాన్సు వచ్చింది. జ్యోతిలక్ష్మి, జయమాలిని, తరువాత సిల్క్ స్మిత. వాళ్లు పనిమంతులు, ఒళ్లు విరుచుకుని కష్టపడ్డవాళ్లు. వాళ్ల చేతికి పాత్ర ఇచ్చింది అరుదు, ఎక్కువగా పాట మాత్రం ఇచ్చారు. సిల్క్ స్మిత 1996లో పోయింది. ఆ సినిమాలకు టికెట్టు కొన్నవాళ్లు ఎవరు? మీరు అప్పటికి పుట్టలేదు.

ఆరిపోయేముందు దీపం రెండుసార్లు పెద్దగా వెలిగింది. 1980లో 'శంకరాభరణం'. మంజుభార్గవి తులసి. అందులో ఆమె మాట్లాడేది ఎంత తక్కువో, అయినా ప్రతి చూపులో తన తల్లి ఇంటినుంచి పారిపోవాలనే తపన, ఆ శంకరశాస్త్రి పాట దగ్గర నిలబడాలనే ఆశ కనబడుతూనే ఉంటాయి. 1982లో 'మేఘసందేశం'. జయప్రద పద్మ, జయసుధ భార్య, నడుమ అక్కినేని. ఇద్దరిలో ఒకరిని రాక్షసిని చేయకుండా కథ నడిపాడు దాసరి. రమేష్ నాయుడి సంగీతానికి, ఏసుదాసు, సుశీల గొంతులకు జాతీయ బహుమతులు వచ్చాయి. గద్వాలలో ఆ సినిమా చూసి బయటికొచ్చినప్పుడు ఆడవాళ్లు రెండు పార్టీలయ్యారు, భార్య దిక్కు కొందరు, పద్మ దిక్కు కొందరు. మా ఇంట్లోనే రెండు పార్టీలు. వారం రోజులు నాకు చాయ ఏ పార్టీ పోస్తుందో తెలిసేది కాదు.

మీ కాలంలో ఒక్కటీ లేదా అని అడిగితే, ఉంది. 2010లో 'వేదం'. అనుష్క సరోజ. పేరుంది, ఊరుంది, నేస్తం ఉంది, సొంతంగా బతకాలనే పట్టుదల ఉంది, నోరూ ఉంది. అది చూసినప్పుడు నాకు మధురవాణి మనుమరాలిని చూసినట్టే అనిపించింది. మా మనుమడు ఇదిగో ఒప్పుకున్నావుగా అని చప్పట్లు కొట్టాడు. ఒక్క సినిమా చూపించి కాలం మారలేదంటే నేను ఒప్పుకోను. ఏడాదికి వందల సినిమాలు తీస్తున్నారు, పదిహేనేండ్ల కింద వచ్చిన ఒక్క సరోజను పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతారు?

దసరాకు మీరంతా గద్వాలకు వస్తారు కదా. ఈసారి కోట చూడ్డానికి, జూరాల చూడ్డానికి, చీరలు కొనడానికి పొద్దంతా తిరగండి, నేను అడ్డం రాను. రాత్రికి మాత్రం గోడమీద దుప్పటి కట్టి కన్యాశుల్కం వేద్దాం. ఆ మిషను ఏదో నీ దగ్గర ఉందన్నావు, తీసుకురా. సినిమా పెద్దది, ఒళ్లు కదపకుండా కూర్చోవాలి. పల్లికాయలు నేను ఉడకబెట్టిస్తాను. సగం అయినప్పుడు ఆపుతాను, అప్పుడు మీ చెల్లెలు అడిగిన ప్రశ్న అందరి ముందు మళ్లీ అడగాలి, మా చెల్లెండ్లు, వదినలు ఏం జవాబు చెప్తారో విందాం. ఒకటిన్నర స్పీడు పెడతానంటే మాత్రం ఇప్పుడే చెప్పు, వేరే మనుమణ్ని చూసుకుంటాను.